ఐదు గ్రాముల వీరులు

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఒక కొత్త జాతి వీరులు పుట్టుకొచ్చారు. వీళ్ల ఆయుధం అరచేతిలో ఇమిడే ఎలక్ట్రానిక్ కాంటా. పైన పిడి, కింద కొక్కెం, మధ్యలో మెరిసే అంకెలు. దాన్ని ఆన్‌లైన్‌లో తెప్పించుకునే ముందు పెద్ద పరిశోధనే జరుగుతుంది. పది గ్రాముల మెట్టుతో చూపించేది చాలా, ఐదు గ్రాములదా, ఒక్క గ్రాముదా? పిల్లవాణ్ణి కోచింగ్ సెంటర్‌లో చేర్చేటప్పుడు కూడా ఇన్ని ప్రశ్నలు అడిగి ఉండరు. ఆదివారం పొద్దున ఆ కాంటాతో వీరుడు చేపల గంప ముందు ప్రత్యక్షమవుతాడు.

"ఏమమ్మా, నువ్వు కేజీ అని జోకినవు. నా కాంటాల తొమ్మిదివందల తొంభై అయిదే చూపిస్తుంది!"

"ఐదు గ్రాములకు పంచాయితీ ఏంది సారూ? ఇగో, ఇంకో పిల్లచేప ఏస్తున్న, తీస్కపో."

"పిల్లచేప కాదమ్మా ముఖ్యం, న్యాయం ముఖ్యం."

ఆ న్యాయం ఖరీదెంతో చూద్దాం. రవ్వ చేప కేజీ 200 రూపాయలనుకుంటే ఐదు గ్రాములు సరిగ్గా ఒక్క రూపాయి. ఆ రూపాయిని కాపాడటానికి కాంటా కొన్నాడు, బ్యాటరీ వేశాడు, పదిమందిని పోగు చేశాడు. పిల్లచేపను మాత్రం వద్దనకుండా సంచిలో వేసుకున్నాడు. న్యాయం వేరు, కొసరు వేరు.

వీరుడికి తెలియని సంగతి ఒకటుంది. అతడు ఏ చట్టం పేరుతో గర్జిస్తున్నాడో ఆ చట్టం చేపలమ్మ పక్షాన ఉంది. మన దేశంలో తూకాలను పట్టి చూసేది 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం. దాని నిబంధనల ప్రకారం అంగట్లో వాడే కాంటాలకు తరగతులున్నాయి. చేపలు, కూరగాయలు తూచేది సాధారణంగా మూడో తరగతి. 30 కేజీల దాకా తూచి, ఐదు గ్రాముల మెట్టుతో చూపించే కాంటాకు తనిఖీ చేసి ముద్ర వేసేటప్పుడు, రెండున్నర కేజీల లోపు బరువు దగ్గర రెండున్నర గ్రాముల తేడా ఒప్పుకుంటారు. వాడకంలో పడ్డాక అందుకు రెట్టింపు, అంటే ఐదు గ్రాములు. వీరుడు యుద్ధం ప్రకటించిన ఆ ఐదు గ్రాములూ ప్రభుత్వం తెలిసే వదిలేసినవే! అంతేకాదు, ఆ కాంటా మీద వంద గ్రాముల లోపు సరుకు తూచనే కూడదు. యాభై గ్రాముల ఎండు రొయ్యలకు దశాంశాలతో సహా పోట్లాడే పెద్దమనిషి నిజానికి అంకెలతో కాదు, గాలితో పోట్లాడుతున్నాడు.

అతడి చేతిలోని కాంటా సంగతేమిటి? చేపలమ్మ ఎలక్ట్రానిక్ కాంటాకు పన్నెండు నెలలకోసారి తనిఖీ చేసి ముద్ర వేయాలని నియమం. వీరుడి కాంటాకు ముద్ర లేదు, తనిఖీ లేదు. చాలావాటి పెట్టెల మీద వ్యాపారానికి పనికిరాదని సన్న అక్షరాల్లో తయారీదార్లే రాసుకుంటారు. పోనీ ఇంట్లో ఎలా సరిచూశాడయ్యా అంటే, కేజీ ఉప్పు ప్యాకెట్ వేలాడదీశాడట. ప్యాకెట్ సరుకుల నిబంధనల్లో కేజీ ప్యాకెట్‌కు 15 గ్రాముల దాకా తరుగు క్షమిస్తారు. పదిహేను గ్రాములు తప్పగలిగిన ఉప్పును సాక్షిగా నిలబెట్టి ఐదు గ్రాముల కేసు గెలుద్దామని బయల్దేరాడన్నమాట.

కాంటా ఎన్ని అంకెలు చూపిస్తుందన్నది ఒక సంగతి, అవి ఎంత నిజమన్నది మరో సంగతి. యాభై గ్రాములు ఎక్కువ చూపించే కాంటా ఒక్క గ్రాము మెట్టుతో ఉంటే, ఆ యాభై గ్రాముల అబద్ధాన్నే ఏ తొణుకూ లేకుండా పదిసార్లు చెబుతుంది. పైగా ఈ వేలాడే కాంటా తూచేది భూమి లాగే బలాన్ని. ఆ లాగుడు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఢిల్లీలో సరిచేసిన కాంటాను హైదరాబాద్ తెచ్చి వాడితే కేజీకి గ్రాము లోపు తక్కువ చూపిస్తుంది. పాతకాలపు తక్కెడకు ఈ బాధ లేదు. అది రాయిని చేపతో పోలుస్తుంది, భూమి ఆ రెండింటినీ సమానంగానే లాగుతుంది. ఆ తక్కెడలో ముల్లు కొనేవాడి వైపు కాస్త మొగ్గితే గానీ అమ్మేవాళ్లు పళ్లెం దించేవాళ్లు కాదు. అంకెల కాంటా వచ్చాక ఆ మొగ్గు పోయింది. కచ్చితత్వం కావాలన్నారు కదా, వచ్చింది. మొగ్గు మాత్రం పట్టుకుపోయింది.

ఇంతకీ మోసం లేదా? ఎందుకు లేదు, బ్రహ్మాండంగా ఉంది. కాకపోతే అది చుక్క తర్వాతి అంకెల్లో దాక్కునేంత చిన్నది కాదు. ఖాళీ టబ్బు పెట్టి సున్నా నొక్కకుండా చేపలు వేస్తే టబ్బును కూడా చేప ధరకే కొంటారు. నీళ్లు కారకముందే తూస్తే హైదరాబాద్ నీళ్లకు కొర్రమీను రేటు పలుకుతుంది. ఐస్ గడ్డ పొట్టలో ఉంటే ఐస్‌కూ అదే రేటు. తలా పొలుసూ పేగూ పోగా వంటింటికి చేరేదెంతో ముందే అడిగినవాడు అరుదు. రొయ్యలకు తల, పెంకు తీస్తే సగానికి దగ్గరగా చెత్తబుట్టలోకే పోతుంది. వీటిలో ఏ ఒక్కదాన్నీ ఒక్క గ్రాము మెట్టున్న కాంటా పట్టుకోలేదు. సున్నా చూసుకునే కళ్లు పట్టుకుంటాయి. ఆ కళ్లు అప్పుడు సెల్‌ఫోన్‌లో ఉంటాయి.

తూకంతో సంబంధం లేని మోసమూ ఉంది. 2018లో కేరళ అధికారులు ఫార్మలిన్ కలిపిన చేపల లోడ్లు పట్టుకున్నారు. అదే ఏడాది జూలైలో ఆంధ్ర చేపల మీద అస్సాం పది రోజుల నిషేధం పెట్టింది. ఆ రోజుల్లో కూడా మన వీరుడు చేప మొప్పలు ఎత్తి చూడలేదు, వాసన చూడలేదు, గ్రాములే చూశాడు. శవాన్ని పాడవకుండా ఉంచే మందు చేపలో ఉంటే, అది సరైన తూకంలో ఉన్నందుకు సంతోషించాలా?

వీరుల్లో మరో తెగ గాలాలవాళ్లు. ఎల్బీనగర్ నుంచి బైకు మీద ఏ చెరువు గట్టుకో పోయి, పొద్దంతా ఎండి, అరచేతి పొడుగు చేప పట్టి, చెయ్యి బారెడు ముందుకు చాచి ఫోటో దిగుతారు. ఫోటోలో చేప మొసలంత. ఆ ఫోటో కింద రాసే బరువు మాత్రం గ్రాముతో సహా ఉండాలి! సరూర్‌నగర్ చెరువులో మురుగు ఎంత కలిసిందని ఎవరైనా అడిగితే మాట మారుస్తారు. చేప ఎంత తూగిందన్న దానికి మాత్రం సాక్షులున్నారు.

లోకం మొత్తంలో చేపల రికార్డులు రాసే అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం 1939లో పుట్టింది. తూచిన కాంటా ధ్రువీకరణకు ఏడాది దాటితే వాళ్లు రికార్డు ఒప్పుకోరు. అమెరికాలో 1932లో పట్టిన ఒక బాస్ చేప బరువు 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే పది కేజీలకు కాస్త ఎక్కువ. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో ఒకతను దాదాపు ఒక ఔన్సు ఎక్కువ తూగే చేప పట్టాడు. డెబ్బై ఏడేళ్ల రికార్డు బద్దలైందా? కాలేదు. పాతదాన్ని కనీసం రెండు ఔన్సులు దాటితేనే కొత్త రికార్డు, లేకపోతే ఇద్దరూ సమానమే. రెండు ఔన్సులంటే యాభై ఏడు గ్రాములు. ప్రపంచ రికార్డు పట్టించుకోని తేడాను పట్టుకుని మన వీరుడు చైతన్యపురిలో ధర్మపోరాటం చేస్తున్నాడు.

2022 సెప్టెంబరులో అమెరికాలోనే క్లీవ్‌లాండ్‌లో జరిగిన చేపల పోటీ మరీ విచిత్రం. కాంటా సరైనదే, అంకెలు సరైనవే. చేప పరిమాణానికి బరువు పొంతన కుదరలేదని నిర్వాహకుడికి అనుమానమొచ్చి పొట్ట కోస్తే సీసపు గుండ్లు బయటపడ్డాయి. వాటిని పట్టింది కత్తి, కాంటా కాదు.

పారిస్ దగ్గర ప్రమాణంగా భద్రపరిచిన లోహపు కిలోగ్రాము బరువు, దాని నకళ్లతో పోలిస్తే వందేళ్లలో సుమారు 50 మైక్రోగ్రాములు అటూఇటూ అయింది. దాంతో ప్రపంచ శాస్త్రవేత్తలు ఆ లోహాన్నే వదిలేసి, 2019 మే 20 నుంచి కిలోగ్రామును ప్లాంక్ స్థిరాంకంతో కట్టేశారు. వాళ్లకు ఆ పని ఉంది. మనకు పులుసు ఉంది. చింతపండును గుప్పెడు అంచనాతో, ఉప్పును చిటికెడు అంచనాతో వేసే పులుసులో చేప మాత్రం గ్రాము తప్పకూడదా?

కచ్చితత్వం అక్కర్లేదని కాదు. తప్పు గుణించుకుంటూ పోయే చోట ప్రాణం పెట్టి కావాలి. భీమవరం వైపు రొయ్యల రైతును అడగండి. అక్కడ ధర కౌంట్ మీద ఉంటుంది. కేజీకి ముప్పై రొయ్యలు తూగితే ఒక ధర, వంద తూగితే ఇంకో ధర. శాంపిల్ తూకంలో రెండు రొయ్యలు అటూఇటూ అయితే కౌంట్ మారిపోతుంది. ఆ మార్పు చెరువులోని టన్నులన్నిటికీ అంటుకుంటుంది. అక్కడ ట్రేలో నీళ్లు ఎంతసేపు వడిశాయన్నది రైతు ఏడాది బతుకు.

మన తెలంగాణలో 2016లో ఉచిత చేపపిల్లల పంపిణీ మొదలైంది. చెరువుల్లోకి కోట్ల లెక్కన వదులుతారు. ఆ కోట్లను ఎలా లెక్కపెడతారు? చేపపిల్లల వ్యాపారంలో అందరికీ తెలిసిన పద్ధతి ఒకటుంది. ఒక గిన్నెలో పిల్లల్ని లెక్కపెట్టి, ఎన్ని గిన్నెలు పోస్తే అన్నిసార్లు గుణించడం. ఆ గిన్నెలో వంద పొరపాటుగా నూటయాభై అయితే నిజంగా వదిలిన లక్షకు అదనంగా యాభైవేలు కాగితం మీదే ఈదుతాయి. ఆ గట్టు దగ్గరికి కొక్కెం కాంటా పట్టుకుని ఏ వీరుడైనా వెళ్లాడా? అక్కడ అధికారులుంటారు, కాంట్రాక్టర్లుంటారు, బ్యానర్లుంటాయి. ఇక్కడ గంప ముందు ఒక ఆడమనిషి మాత్రమే ఉంటుంది.

అసలు సంగతి ఇదే. మన కచ్చితత్వం ఎదుటివాడి బలాన్ని బట్టి ఉంటుంది. అదే పెద్దమనిషి సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద బంగారం షోరూముకు వెళ్తాడు. అక్కడ కాంటాకు అద్దాల పెట్టె, మిల్లీగ్రాముల దాకా అంకెలు. చూసి పరవశిస్తాడు. ఇరవై గ్రాముల గొలుసుకు పది శాతం తరుగు వేస్తే రెండు గ్రాముల బంగారం డబ్బు గాల్లో కలిసిపోతుంది. ఆ తరుగును ఏ కాంటా మీద తూచారని అడగడు, ఇచ్చిన కూల్‌డ్రింకు తాగి కార్డు గీస్తాడు. ఎల్బీనగర్ పక్కన ఫ్లాటు కొన్నప్పుడు లిఫ్టు, మెట్లు, కారిడార్ కూడా తన ఇంట్లో కలిపి లెక్కగడితే టేపు తియ్యడు. చేపలమ్మ దగ్గర మాత్రం పౌతవాధ్యక్షుడవుతాడు.

ఆ పదవి కౌటిల్యుడి అర్థశాస్త్రంలోది, తూకాల మీద పెత్తనం చేసే అధికారి పేరు. రాళ్లు తడిస్తే పెరగకూడదు, ఎండకు తరగకూడదు, నాలుగు నెలలకోసారి ముద్ర వేయించాలి అన్నాడు కౌటిల్యుడు. రాయి గురించి అంత ఆలోచించిన మనిషి కూడా అధికారుల దొంగతనం గురించే ఎక్కువ రాశాడు. చేప నీళ్లలో ఉండి ఎప్పుడు నీళ్లు తాగుతుందో ఎవరికీ తెలియనట్టే, ఖజానా దగ్గరి అధికారి ఎంత తిన్నాడో తెలియదన్నదీ ఆయన మాటే.

సరే, కాంటా కొనకుండా ఉండలేమంటారా? కొనండి. గ్రాముల మెట్టు చూసి మురిసిపోకండి. ఒకే వస్తువును అయిదుసార్లు వేలాడదీసి అయిదుసార్లూ ఒకే అంకె వస్తుందా చూడండి. బరువు దించాక సున్నాకు వస్తుందా చూడండి. కిరాణా కొట్టులో ముద్ర ఉన్న కేజీ రాయితో ఒకసారి సరిచూడండి. మీరు మామూలుగా తూచే చేప బరువు, కాంటా గరిష్ఠ బరువుకు మధ్యలో పడేలా తీసుకోండి. రెండు కేజీల చేపకు యాభై కేజీల కాంటా దండగ. సంచి బరువు ముందే తీసేయండి. కొట్టుకుంటున్న చేప చూపించే అంకెను వేదంలా చదవకండి. అంగట్లో అయితే సున్నా చూడండి, ముద్ర చూడండి, మొప్పలు చూడండి. మూడింటికీ బ్యాటరీ అక్కర్లేదు.

ఇన్ని చూసుకున్నాక ఇంకా ఐదు గ్రాములు తగ్గితే చేపలమ్మకు ఆ రూపాయి వదిలేయండి. పొద్దున్నే మీ నీతిపాఠం నిలబడి విన్నందుకు ఆమెకు రావాల్సిన కూలి అంతకంటే ఎక్కువే.