పట్టు

గార్చింగ్‌లో నలుగురు కూడితే కార్ల మాట రాక మానదు. మ్యూనిక్ నుంచి వచ్చే యూ6 మెట్రో ఈ ఊళ్లోనే, పరిశోధన కేంద్రం దగ్గర ఆగిపోతుంది. అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థులు తమ చేతులతో రేసు కార్లు కట్టి పోటీలకు తీసుకెళ్తారు. ఊరికి ఇంకో కొసన హోఖ్‌బ్రూక్ పారిశ్రామికవాడ. బీఎండబ్ల్యూ వాళ్ల ఎం కార్లకు పుట్టిల్లు అది. మా పైఫ్లాట్ ఆయన తెనాలి నుంచి చదువుకోసం వచ్చి, ఉద్యోగంలో కుదురుకుని, సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఎం2 కొన్నాడు. 370 హార్స్‌పవర్ కారు.

అక్టోబరు నెలాఖరు శనివారం ఆ కారును ట్రాక్ మీద నడపడానికి డబ్బు కట్టాడు. ట్రాక్ ఆస్ట్రియాలో, సాల్జ్‌బుర్గ్ పక్కన. ఇక్కడి నుంచి రెండు గంటల దారి. కారుకున్న టైర్లు రోడ్డుకు బాగానే ఉన్నాయి. ట్రాక్ మీద నాలుగు రౌండ్లు తిరిగితే వేడెక్కి పట్టు వదిలేస్తాయన్నాడు. కొత్తవి వెతకడం ఆగస్టులో మొదలుపెట్టాడు.

అది తేలిక పని కాదు. కారు ఎంత గొప్పదైనా రోడ్డును తాకేది నాలుగు అరచేతులంత రబ్బరే. ఇంజను బలం, బ్రేకు, స్టీరింగు, అన్నీ ఆ నాలుగు చోట్ల నుంచే నేలకు చేరాలి. మనిషి బతుకంతా దానిమీదే ఉంటుందని తెలిసీ చాలామంది టైరు వంక చూడరు. అతను చూశాడు. అందుకే అతని మాటలు నేను శ్రద్ధగా వినేవాణ్ణి.

ముందు నాలుగు రకాలు ఏరాడు. మిషెలిన్ కప్ 2, పిరెల్లి ట్రోఫియో ఆర్, యోకోహామా ఏ052, టోయో ఆర్888ఆర్. నాలుగూ రోడ్డు మీద నడపడానికి అనుమతి ఉన్నవే, పుట్టింది మాత్రం ట్రాక్ కోసం. ప్రతి టైరుకూ అరుగుదల అంకె ఒకటి ఉంటుంది. అది అమెరికా పద్ధతి. పిరెల్లిది 60, టోయోది 100, మిషెలిన్‌ది 180, యోకోహామాది 200. అంకె పెరిగేకొద్దీ మన్నిక ఎక్కువని లెక్క. అయితే ఆ అంకె వేసుకునేది తయారీదారులే గనక ఒకరి 180ని ఇంకొకరి 200 పక్కన పెట్టి తూచడానికి లేదు. ఈ సంగతి నాకు అతను చెప్పేదాకా తెలియదు.

సెప్టెంబరంతా తూకం సాగింది. రబ్బరు మెత్తనైతే పట్టు దొరుకుతుంది, మన్నిక పోతుంది. పైగా మెత్తని రబ్బరు వేడెక్కితేనే పనిచేస్తుంది. వేడెక్కితే లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి చల్లగా ఉన్నప్పుడు గాలి తగ్గించి పెట్టాలి. ఎంత తగ్గించాలన్నది ఆ రోజు ఎండను బట్టి ఉంటుంది. ఇవన్నీ అతను ఒక నోటుబుక్కులో గళ్లు గీసి రాసుకున్నాడు. రాత్రి పదకొండింటికి కూడా వాళ్ల వంటింట్లో లైటు వెలుగుతుండేది.

చివరికి కప్ 2 ఖాయం చేశాడు. ముందు 245, వెనక 265 వెడల్పు, 19 అంగుళాలు. ఆ టైరులో లోపలి వైపు ఒక రబ్బరు, బయటి వైపు ఇంకో రబ్బరు వాడతారు. మలుపులో బరువంతా బయటి అంచు మీదే పడుతుంది గనక అక్కడ వేరే పాళ్లు.

టైర్లు బిగించుకుని వచ్చిన సాయంత్రం నేనూ కింద పార్కింగులోకి వెళ్లాను. అప్పుడే వాళ్లావిడ డ్యూటీకి బయలుదేరుతోంది. ఇంగోల్‌స్టాట్‌లో ఆసుపత్రి ఉద్యోగం.

"ఏమండీ, మీ పని అయ్యాక నా కారు కూడా ఓసారి చూడండి. తడి రోడ్డు మీద కాస్త జారుతోంది," అంది.

"ఆల్ సీజన్ టైర్లేగా, అన్నిటికీ పనికొస్తాయి. ట్రాక్ అయిపోయాక చూస్తాలే. మెల్లగా వెళ్లు," అన్నాడు.

ఆమె వెళ్లిపోయింది. ఏడేళ్ల పాప నాన్న దగ్గర ఉండిపోయింది. అతను జేబులోంచి ఒక యూరో నాణెం తీసి పాప చేతిలో పెట్టాడు. జర్మనీలో డ్రైవింగు నేర్చుకున్నవాళ్లకు ఈ కిటుకు తెలుసు. ఒక యూరో నాణేనికి చుట్టూ బంగారు రంగు అంచు ఉంటుంది. దాని వెడల్పు సుమారు 3 మి.మీ. నాణేన్ని టైరు గాడిలో నిలబెడితే ఆ అంచు పూర్తిగా మునిగిపోవాలి. బంగారు రంగు కనిపిస్తే టైరు మార్చే వేళ అయిందన్నమాట. చట్టం 1.6 మి.మీ. దాకా ఒప్పుకుంటుంది. తెలిసినవాళ్లు అంతదాకా ఆగరు.

పాప నాణేన్ని కొత్త టైరు నడిమి గాడిలో పెట్టింది. బంగారం మునిగింది. బయటి అంచు దగ్గర పెట్టబోయింది. అక్కడ పెట్టడానికి చోటే లేదు.

"ఇక్కడ దూరట్లేదు నాన్నా."

"అదే దీని గొప్పతనం," అని అతను పాప పక్కన గొంతుక్కూర్చున్నాడు. "గాళ్లు ఎందుకుంటాయి? వాన నీళ్లు పక్కకు పోవడానికి. నీళ్లు లేకపోతే గాడి దండగ. గాడి ఎంత తక్కువుంటే అంత రబ్బరు రోడ్డుకు అంటుకుంటుంది. ఇది సగం రేసు టైరు, అందుకే కొన్ని గీతలున్నాయి. పోటీల్లో వాడే అసలైన రేసు టైరుకు గీతే ఉండదు. నున్నగా ఉంటుంది. నాణెం ఎక్కడా దూరదు."

పాప శ్రద్ధగా విని, నాణెం తీసుకుని పార్కింగులో ఉన్న కార్లన్నిటి దగ్గరికీ వెళ్లింది. నా కారుకూ పెట్టి చూసి, "మీది పాస్ అంకుల్, కానీ రేసు టైరు కాదు," అంది.

ఆ తర్వాత అతను ఇంకో సంగతి చెప్పాడు. 2003లో ఎం3 సీఎస్‌ఎల్ అనే కారు వచ్చింది. దానికి ఇలాంటి ట్రాక్ టైర్లే వేసి ఇచ్చారు. తడిలో, చలిలో ఈ టైర్లకు పట్టు తక్కువని తెలిసే తీసుకుంటున్నానని కొన్నవాళ్ల చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నారట. "నాకు ఆ కాగితం అక్కర్లేదు. తడి ఉంటే ఈ కారు బయటికి తియ్యను. ఇంట్లో పిల్ల ఉంది," అన్నాడు.

అన్నమాట ప్రకారమే చేశాడు.

ఆ శనివారం తెల్లవారుజాము నుంచి వాన. ఐదు డిగ్రీల చలి. సాల్జ్‌బుర్గ్ వైపు కూడా అంతే. ఎనిమిదింటికి నేను పాత సీసాల సంచి పట్టుకుని కిందికి వెళ్లేసరికి అతను ఎం2 మీద గుడ్డ కప్పుతున్నాడు. ఏం, వెళ్లడం లేదా అని అడిగాను.

"ఏడు డిగ్రీలు దాటి కిందికి పోతే మామూలు సమ్మర్ టైరే గట్టిపడుతుంది. ఇది అసలు వేడెక్కదు. గాళ్లు తక్కువ, నీళ్ల మీద తేలిపోతుంది. బ్రేకు తొక్కితే ఎక్కడ ఆగుతుందో దేవుడికే తెలియాలి. కట్టిన డబ్బు తిరిగిరాదు, పోతే పోనీ. మూడు నెలలు టైర్లు చదివినవాణ్ణి, ఈ వానలో ఎలా వెళ్తాను?"

ఆ మాట నాకు నచ్చింది. మూడు నెలలు ఎదురుచూసిన రోజును అలా వదులుకోవడం అందరి వల్లా కాదు.

గుడ్డ రెండో కొస నేను పట్టుకున్నాను. అవతల వరసలో వాళ్లావిడ డ్యూటీ సంచి వెనక సీటులో పెట్టి, సెల్‌ఫోను కోసం వెతుక్కుంటోంది. పాప ఆ కారు ముందు చక్రం దగ్గర కూర్చుని ఉంది. ఆమె పాపను లేపి ముద్దుపెట్టి, మాకు చెయ్యి ఊపి కారు తీసింది. కారు ర్యాంపు ఎక్కి వానలోకి, ఎ9 హైవే వైపు వెళ్లిపోయింది.

పాప పరుగెత్తుకుంటూ వచ్చి నాన్న చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, అమ్మకు ఎప్పుడు కొన్నావు? నాకు చెప్పనే లేదు."

"ఏం కొన్నానమ్మా?"

"టైర్లు. నాణెం పెట్టి చూశా, ఎక్కడా దూరలేదు. నున్నగా ఉన్నాయి. నీకు సగం రేసువి వేసుకుని, అమ్మకు అసలైనవి వేయించావు కదూ!"