మౌసు కదిలితేనే కూలి

నిమ్మాడలో ఇంట్లో కూర్చుని అమెరికా కంపెనీకి పని చేసే కుర్రాళ్లు పని గంటలు లెక్కపెట్టే టైమ్ ట్రాకర్ ఎంచుకునే ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి. పని చెయ్యాలా, చేస్తున్నట్టు కనబడాలా? రెండోదైతే బజారు నిండా సరుకే.

ధర చూసి మోసపోకండి. క్లాకిఫై ఊరికే దొరుకుతుంది; ఊరికే వచ్చినదాన్ని ఏ మేనేజరూ నమ్మడు. ఎస్టోనియా వాళ్ల టాగుల్‌లో బటన్ నొక్కితే లెక్క మొదలు, మళ్లీ నొక్కితే ఆఖరు. ఇంత మర్యాదగా మన మాట నమ్మేదానితో అబద్ధమాడటానికి మనసెలా ఒప్పుతుంది? యాక్టివిటీవాచ్ ఊసే ఎత్తకండి. ఏ విండోలో ఎంతసేపున్నారో రాసుకుని, ఆ చిట్టా మీ కంప్యూటర్లోనే దాచిపెడుతుంది. మీ కాలం లెక్క మీకొక్కరికే తెలిసి ఏం లాభం?

ఎంచుకోవలసింది ఫొటోలు తీసేదాన్ని. హబ్‌స్టాఫ్ లాంటివి మధ్యమధ్య మీ తెరను ఫొటో తీసి, కీబోర్డు, మౌసు ఎంత కదిలాయో శాతాల్లో చెప్పగలవు. అంచేత ముందు ఆలోచించడం మానెయ్యండి. కోడ్‌లో తప్పెక్కడుందా అని చేతులు కట్టుకుని పావుగంట చూశారో, దాని లెక్కలో మీరు నిద్రపోయినట్టే. అదే పావుగంట ఫైలుని పైకీ కిందికీ తిప్పుతూ కూర్చోండి, మీ అంత కష్టజీవి లేడు. మౌసును దానంతటదే కదిపే పరికరాల జోలికి మాత్రం పోవద్దు. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, ఉత్తుత్తి కీబోర్డు కదలికలు చూపించారని డజను మందికి పైగా ఇంటికి పంపింది. ఇంట్లో చంటిపిల్లలుంటే మౌసు వాళ్ల చేతికివ్వండి.

మనవాళ్లకి ఈ విద్య కొత్తేం కాదు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిలో హాజరుకి రోజుకి రెండు ఫొటోలు తప్పనిసరి చేశారు. చెరువులో ఎంత మట్టి తీసినా ఫొటోలో లేకపోతే పనికి రానట్టే.

ఇక వేళలు. న్యూయార్క్‌లో పొద్దున్న తొమ్మిదంటే మనకి సాయంత్రం ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం నుంచి ఏడున్నర. ట్రాకర్ సర్దుకుంటుంది, అమ్మ సర్దుకోదు. "ఏట్రా, రేతిరంతా ఆ పెట్టి ముందరే కూకుంటే కూడెప్పుడు తింటావు?" అని అడుగుతుంది. జవాబు చెబుతూనే మౌసు కదపండి. కరెంటు పోయినా పని ఆగకుండా యూపీఎస్ కొనండి, ఇది మాత్రం వెటకారం కాదు.

పలాస జీడి కార్ఖానాల్లో మాత్రం సలహా అడక్కండి, చెడిపోతారు. అక్కడ ఆడవాళ్లు చిన్న కత్తితో పప్పు మీది పొట్టు గీకుతారు. గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. కాటా మీద ఎన్ని కిలోలు తూగితే అంత కూలి. ఆ కూలి చాలదన్నది వేరే గొడవ. మధ్యలో ఎవరు టీ తాగారో, ఎవరు కబుర్లాడారో కాటాకి అక్కర్లేదు. పౌనుకి సుమారు 320 గుళ్లు తూగే రకం కొనేవాడు 320 అనే అడుగుతాడు గానీ, ఎంతసేపట్లో ఒలిచారని అడగడు.

ఈ పద్ధతి పొరపాటున మీ మేనేజరు చెవిన వెయ్యకండి. ఈ నెల మీరేం చేశారో కాటా మీద పెట్టమంటాడు. ఆ వెనకే ఆయన మీటింగులూ కాటా ఎక్కాల్సొస్తుంది.