ఆఖరి గడి నింపడం ఎలా?

డీఎస్సీ కొట్టి కొత్తగా బడిలో చేరిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పాఠ్య పథకంలో చివర్న ‘ఉపాధ్యాయుని ప్రతిస్పందనలు’ అని ఒక గడి ఉంటుంది. దాన్ని చూసి బెంబేలు పడకండి.

సోమవారం పొద్దున్నే, ప్రార్థన గంట కొట్టేలోపు, వారమంతటికీ రాసేయండి. పాఠం చెప్పాక రాద్దామనుకుంటే ఆ పాఠం ఎలా జరిగిందో గుర్తొచ్చి చెయ్యి ఆగిపోతుంది. ‘పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు. అభ్యసన లక్ష్యాలు నెరవేరాయి.’ ఈ రెండు వాక్యాలూ ఏ పాఠానికైనా సరిపోతాయి. గురువారం బంద్ వచ్చి బడి మూసినా సరే, పిల్లలు ఉత్సాహంగానే పాల్గొని ఉంటారు.

బీఈడీలో డొనాల్డ్ షాన్ అనే అమెరికా ఆయన గురించి చదివే ఉంటారు. పనితనం ఉన్నవాడు పని చేస్తూనే ఆలోచిస్తాడనీ, అయ్యాక మళ్లీ తరచి చూసుకుంటాడనీ 1983లో పుస్తకం రాశాడు. తర్వాత 1988లో గిబ్స్ అనే ఆయన ఇలా తరచి చూసుకోవడానికి ఆరు మెట్లు చెప్పాడు: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది, ఎందుకలా అయింది, ఇంకేం చేసి ఉండొచ్చు, ఈసారి ఏం చేస్తావు. పరీక్షలో రాసుకోండి, మార్కులొస్తాయి. క్లాసుకు మాత్రం తేవద్దు. ముఖ్యంగా ఆ ‘ఎందుకలా’.

ఒకసారి నేను అక్కడే జారిపడ్డాను. 1/2 + 1/3 ఎంతంటే సగం క్లాసు 2/5 అని రాసింది. మామూలుగా అయితే ఎర్ర ఇంకుతో కొట్టేసి ‘అశ్రద్ధ’ అని రాసేవాణ్ణి. ఆ రోజు ఏ పురుగు కుట్టిందో, వెనక బెంచీవాణ్ణి “ఎలా వచ్చిందిరా?” అన్నాను.

“శనివారం రెండు మ్యాచులాడి ఒకటి గెలిచాం సార్. ఆదివారం మూడాడి ఒకటి. ఐదింట్లో రెండు గెలిచినట్టే కదా సార్?”

గెలిచినట్టే! వాడి లెక్కలో తప్పు లేదు. అది భిన్నాల కూడిక ఎందుకు కాదో నాకే చప్పున తట్టలేదు. తడుముకుని, బోర్డు మీద ఒకే రొట్టె గీశాను. సగం తిన్నావు, ఇంకో మూడోవంతు తిన్నావు. తిన్నదంతా 2/5 అయితే సగం కన్నా తక్కువే కదరా? వాడు కాసేపు రొట్టె వంక చూసి, “ఒకే రొట్టె కదా సార్, మ్యాచులు వేరేవి” అన్నాడు.

పీరియడ్ పోయింది. సిలబస్ రెండు రోజులు వెనకబడింది. రాత్రి పడుకుంటే, ఇన్నేళ్లుగా ‘అశ్రద్ధ’ అని కొట్టేసిన నోటుపుస్తకాలన్నీ కళ్లముందు వరసకట్టాయి. ఇలాంటివి మీకెందుకు?

ఆ రోజు గడిలో ఏం రాశానంటారా? సోమవారమే రాసేశాగా.