అనుమతి సూత్రమునకు టీకాతాత్పర్యములు

మూలము: అనుమతి లేనిదే లోనికి రారాదు. పూలు కోయరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు.

అవతారిక: కాలనీ పార్కు గేట్లకును, కార్యాలయముల ముంగిట నాలుగు బంతిమొక్కలకును వ్రేలాడు ఈ సూత్రత్రయమునకు కర్త యెవరో తెలియదు. క్రింద 'ఇట్లు' అని యుండును. ఆ తరువాతి పేరు వానకు కారిపోయి యుండును. కనుక అపౌరుషేయమని పెద్దలు. కొలిచెలమ మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాశాడు. బోర్డులకు వ్యాఖ్య రాసేవాడికి అంత నిగ్రహం కుదరదు.

ప్రతిపదార్థము: లోనికి – స్పష్టము. పూలు – స్పష్టము. కోయరాదు – మిక్కిలి స్పష్టము. శిక్షార్హులు – అనుభవైకవేద్యము. అనుమతి – ఇది యొక్కటే క్లిష్టము. ఎవరి అనుమతి? ఇచ్చుటకు వానికి హక్కెక్కడిది? సూత్రకారుడు మౌనము వహించినాడు గనుక లక్ష్యమును వెదకవలె. సంపూర్ణమైన లక్ష్యము స్కాట్లండు దేశమున, సెల్కర్క్ పట్టణ సమీపమున, ఎట్రిక్, యారో అను ఏఱులు రెండు కలియుచోటి కార్టర్‌హా వనమున లభించును.

అక్కడి కథ టాం లిన్ గాథ. 1549 నాటి గ్రంథంలోనే దీని ప్రస్తావన ఉంది. ఇక్కడ అనుసరిస్తున్నది రాబర్ట్ బర్న్స్ అందించిన పాఠాన్ని. గాథ నిషేధాజ్ఞతోనే మొదలవుతుంది: జుట్టులో బంగారం ముడిచే ఆడపిల్లలెవరూ కార్టర్‌హాకు పోరాదు, అక్కడ టాం లిన్ ఉన్నాడు. నిషేధిస్తున్నది 'నేను'. ఆ నేను ఎవరో గాథ అయిపోయినా తెలియదు. బోర్డు సంప్రదాయం ఎంత ప్రాచీనమో గమనించునది. అటుగా పోయినవారు తాకట్టు ఒకటి పెట్టాలట: ఉంగరం గాని, ఆకుపచ్చ శాలువా గాని, కన్యాత్వం గాని. ఈ మూడింటినీ ఒకే వరసలో కూర్చోబెట్టడాన్ని ఆలంకారికులు తుల్యయోగిత అనవచ్చు. ఊళ్ళో దీన్ని దౌర్జన్యం అంటారు.

జానెట్ అనే పిల్ల వెళ్ళింది. గులాబీ కోసింది. టాం లిన్ ప్రత్యక్షమై, నా సెలవు లేకుండా ఎందుకొచ్చావన్నాడు. ఈ అడవి నాది, మా నాన్న నాకిచ్చాడు, నీ సెలవు నాకెందుకు అంది.

ఇచ్చట ప్రసంగవశమున భీముడు స్మరణీయుడు. అరణ్యపర్వంలో ద్రౌపది కోరిన సౌగంధికాల కోసం కుబేరుడి కొలను దగ్గరికి పోతాడు. క్రోధవశులనే రాక్షసులు కాపలా. దేవతలైనా కుబేరుడి అనుమతితోనే ఇక్కడ నీళ్ళు తాగుతారు, నువ్వెంత అన్నారు. భీముడి సమాధానం న్యాయవాదులు కంఠస్థం చేయదగ్గది: ముందు నీ కుబేరుడు ఇక్కడ కనబడడు, కనబడినా నేను యాచించను, పైగా ఈ కొలను కొండ సెలయేళ్ళకు పుట్టింది గాని ఆయన ఇంట్లో పుట్టలేదు, ఆయనకెంతో అందరికీ అంతే. తరువాత గద మాట్లాడింది. బతికిన కాపలావాళ్ళు పరుగున పోయి మొరపెట్టుకుంటే కుబేరుడు నవ్వి, కావలసినన్ని కోసుకోనివ్వండి, ద్రౌపది కోసమని నాకు తెలుసులే అన్నాడు. యజమానికి అభ్యంతరమే లేదు! పోయిన ప్రాణాలన్నీ కాపలావాళ్ళవి.

అంతకు ముందరి ఘట్టం ఇంకా రసవత్తరం. హనుమంతుడు దారికడ్డంగా పడుకుని, ఇటుపైన మనుషులకు దారి లేదు అన్నాడు. ప్రవేశ నిషేధమే. కాని ఆయన అడిగితే పేరు చెప్పాడు. కారణం చెప్పాడు. ఎదుటివాడికి తోక ఎత్తే అవకాశం ఇచ్చాడు. చివరికి ఆ పూల తోటకు దారి కూడా చూపించాడు. ఏ గేటు దగ్గరైనా ఇలా జరిగిందా? లోపల దరఖాస్తు ఇవ్వడానికి అనుమతి కావాలంటారు, అనుమతికి దరఖాస్తు లోపల ఇవ్వాలంటారు. ముసలివాళ్ళు ఎండలో నిలబడి ఉంటారు.

ప్రకృతమునకు వత్తము. ఎక్కడున్నాం? గులాబీ.

పూర్వపక్షము: టాం లిన్ వనాధిపతి గనుక సెలవడుగుట యుక్తమే గదా? పొసగదు. వాడూ మనిషే. రాక్స్‌బరో ప్రభువు మనవడు. చలిరోజున వేటనుంచి వస్తూ గుర్రం మీంచి పడితే ఫెయిరీల రాణి పట్టి పచ్చని గుట్టలోకి తీసుకుపోయింది. అంటే, నా అనుమతి ఏదీ అని గద్దించినవాడు ఎవరి అనుమతీ లేకుండా ఎత్తుకొచ్చిన మనిషి. పోనీ రాణిదేనా రాజ్యం? ఆవిడా ఏడేళ్ళకొకసారి నరకానికి కప్పం కట్టాలి. కట్టేది ధాన్యంతోనూ రొక్కంతోనూ కాదు, ప్రాణితో. నేను ఒళ్ళు చేసి నిగనిగలాడుతున్నాను, ఈసారి నన్నే పంపుతారేమో అని టాం లిన్ భయం.

ఇక్కడ కాలజ్ఞులకొక కానుక. వాల్టర్ స్కాట్ ఈ గాథను తన సరిహద్దు గీతాల సంపుటిలో అచ్చువేసింది 1802లో. అదే సంవత్సరం మద్రాసులో 25వ రెగ్యులేషన్ వచ్చి, మన జమీందార్లు కుంపిణీకి ఏటా కట్టాల్సిన పేష్కషు శాశ్వతంగా ఖాయం కావడానికి దారి వేసింది. కట్టలేకపోతే జమీ వేలం. ఊళ్ళో రాజావారు, కచేరీలో బకాయిదారు. రాణిగారి పరిస్థితి స్కాట్‌కు కొత్తగా తోచి ఉండదు. ఆయనే ఆ సెల్కర్క్ జిల్లాకు 1799 నుంచి షెరిఫ్. తన ఇలాకాలోని గడ్డిలో ఫెయిరీలు గీసినవనే వలయాలను విద్యుత్తు పనిగా కొట్టిపారేశాడు, అయినా గాథకు పెద్ద పీఠిక రాశాడు. అధికారులు రెండు పక్కలా మాట్లాడటం కూడా ప్రాచీన సంప్రదాయమే.

తాత్పర్యము: గేటు నొద్ద నిలిచినవాడు తనది కానిదానికి సెలవడుగును. వానిపైవారికి కిస్తీ గడువు ఉండును. కిస్తీ గేటు వెలుపలివారితో చెల్లింపబడును.

విశేషాంశములు: స్కాట్లండు ప్రజలు ఈ ఫెయిరీలను పేరెత్తి పిలిచేవారు కాదు, మంచి పొరుగువారు అనేవారు. మంచి అన్నది వర్ణన కాదు, ముందుజాగ్రత్త. ఎయిర్‌షైర్‌లో బెస్సీ డన్‌లప్ అనే ఆవిడ మందులిస్తూ, పోయిన వస్తువుల ఆచూకీ చెబుతూ ఉండేది. ఇవన్నీ ఆవిడకు నేర్పింది థామ్ రీడ్ అట. తాను 1547లో పింకీ యుద్ధంలో చచ్చినవాణ్నని అతడే చెప్పుకున్నాడు. ఎల్ఫ్ లోకానికి రమ్మంటే ఆవిడ పోలేదు. ఆ పొరుగువాళ్ళు ఆవిడను ఏమీ చెయ్యలేదు. 1576లో దోషి అని తేల్చి కాల్చింది మనుషుల కోర్టు. ఇక్కడ వ్యాఖ్యాతకు చమత్కారమేమీ తోచలేదు.

జానెట్ కథ మేలు. హాలోవీన్ అర్ధరాత్రి మైల్స్ క్రాస్ దగ్గర ఫెయిరీల ఊరేగింపులో తెల్లగుర్రం మీదున్న టాం లిన్‌ను కిందికి లాగింది. చేతుల్లో వాడు ఉడుమువంటి పురుగయ్యాడు, పామయ్యాడు, ఎలుగయ్యాడు, సింహమయ్యాడు, కాలిన ఇనుమయ్యాడు, నిప్పుకణికయ్యాడు. ఆమె వదల్లేదు. బావి నీళ్ళలో పడేసి, దిసమొలతో లేచిన మనిషికి తన ఆకుపచ్చ శాలువా కప్పింది. తాకట్టు పెట్టమన్న మూడింటిలో అదొకటి.

రాణి పొదలోంచి టాం లిన్‌తో ఏమన్నదంటే: ఇలా అవుతుందని తెలిస్తే నీ కళ్ళు పీకి కొయ్యకళ్ళు పెట్టి ఉండేదాన్ని. వ్యాఖ్య అనవసరము, కాపలావాడు పోతే యాజమాన్యం చింతించేది ఇంతే. అయితే టాం లిన్ ముందే చెప్పి ఉంచాడు: నల్లగుర్రాన్ని పోనీ, గోధుమరంగు గుర్రాన్ని పోనీ, తెల్లదాన్ని పట్టుకో. జానెట్ అలాగే రెంటినీ పోనిచ్చింది. నరకపు కప్పం మాఫీ అయినట్టు గాథలో ఎక్కడా లేదు. పోనిచ్చిన గుర్రాల మీద కూర్చున్నది ఎవరి పిల్లలో కూడా లేదు.