ఇల్లమ్మిన డబ్బుతో ఇంటి ప్లాన్లు

టొరంటో విశ్వవిద్యాలయంలో కన్నాట్ నిధి అని ఒకటుంది. ల్యాబులో పుట్టిన ఆలోచనను బజారుకు చేర్చండంటూ ప్రొఫెసర్లకు పోటీ పెట్టి, నెగ్గినవాళ్లకు అందులోంచి తొలి పెట్టుబడి ఇస్తారు. మంచి పనే. ఆ నిధి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియదు. 1914 నుంచి ఆ విశ్వవిద్యాలయానికి కన్నాట్ ల్యాబరేటరీస్ అని సొంత మందుల తయారీ సంస్థ ఉండేది. పరిశోధన, తయారీ అన్నీ అక్కడే. దాన్ని 1972లో అమ్మేశారు. వచ్చిన సొమ్మే ఈ నిధి. ఉన్న ఇల్లమ్మేసి, ఆ డబ్బుతో ఇంటి ప్లాన్లు గీసేవాళ్లకు బహుమతులు పంచుతున్నారన్నమాట.

ఆ విశ్వవిద్యాలయంలోనే ఇన్సులిన్ కనిపెట్టిన ఫ్రెడరిక్ బాంటింగ్‌ని తీసుకొచ్చి నేటి పోటీ కమిటీ ముందు నిలబెడదాం. ఆయన దగ్గరున్నదల్లా 1920 అక్టోబరు 31 తెల్లవారుజామున నిద్రపట్టక నోటుపుస్తకంలో గీకిన నాలుగు ముక్కలు. అందులోనూ డయాబెటిస్ స్పెల్లింగు తప్పు. ఆయనేమో ప్రాక్టీసు సాగని సర్జను. పక్కన చార్లెస్ బెస్ట్ అనే కుర్రాడు, కొన్ని కుక్కలు. ఇక మొదలవుతాయి ప్రశ్నలు. "మీ టీములో ఎంబీయే ఎవరండీ?" "మార్కెట్ సైజెంత?" "ఇంతకీ మీ కస్టమరు కుక్కా, మనిషా?" "ఎగ్జిట్ ఎప్పుడు?" అయిదో స్లైడులో కుక్కల ఫొటో చూసి ఓ మెంటరు కళ్లు మెరుస్తాయి. "డాక్టరుగారూ, ఈ షుగరు గోల వదిలేసి పెట్ కేర్ వైపు పివట్ అవ్వండి. అక్కడ మార్జిన్ బాగుంటుంది" అని ఉచిత సలహా పారేస్తాడు. బాంటింగ్ ఊరికి తిరిగెళ్లి టాన్సిల్స్ తీసుకుంటూ బతికేసేవాడు.

ఆ రోజుల్లో కమిటీ లేదు గనక, 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లాడికి తొలి ఇంజెక్షను పడింది. పనిచెయ్యలేదు. జేమ్స్ కాలిప్ కూర్చుని మందును శుద్ధి చేశాడు. జనవరి 23న మళ్లీ ఇస్తే పనిచేసింది. మధ్యలో 12 రోజులు. ఇప్పుడైతే మీ దరఖాస్తు అందిందన్న ఈమెయిలు అంతలో వస్తే పండగే. బాంటింగ్, బెస్ట్, కాలిప్ పేటెంటు హక్కుల్ని తలా ఒక డాలరుకు విశ్వవిద్యాలయానికి రాసిచ్చేశారు. అదేదో పిచ్చి త్యాగమని నేననను. మందు చేసే చోటు సొంతంగా ఉంది కాబట్టే ఆ త్యాగానికి అర్థం ఉంది. కన్నాట్ ఒక్కదాని వల్ల కాక అమెరికాలోని ఎలై లిల్లీ సాయం తెచ్చుకున్నారు, నిజమే. అయినా తమ తయారీ తాము మానలేదు.

మానింది అమ్మాకే. మొదట కొన్నది కెనడా ప్రభుత్వ సంస్థే. చేతులు మారి మారి 1989లో అది ఫ్రాన్సు వాళ్ల మెరియూ పరమైంది. ఇప్పుడది సనోఫీలో భాగం. మనం మరీ నవ్వకూడదు లెండి. 1997లో సొంతంగా హెపటైటిస్-బి టీకా తెచ్చి కాలరెగరేసిన హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ కూడా 2009లో చేరింది ఆ సనోఫీ గూటికే. కోవిడ్ వచ్చింది. ఫైజర్ టీకాలోని కొవ్వు బుడగల వెనకున్న పరిజ్ఞానం కెనడాలోని వాంకూవర్‌ది. సీసాలు మాత్రం బెల్జియం నుంచి రావాలి. 2021 మొదట్లో అక్కడి ఫ్యాక్టరీకి మరమ్మతులు పెట్టుకుంటే, వాంకూవర్ వాసులూ చొక్కా చెయ్యి మడిచి ఎదురుచూశారు.

ఏఐ కథా అంతే. ప్రజాధనంతో ఏళ్లపాటు ఏఐ పరిశోధకుడు జెఫ్రీ హింటన్‌ని పోషించింది కెనడా. ఆయనా ఇద్దరు శిష్యులూ సరుకంటూ ఏమీ లేని కంపెనీ ఒకటి పెట్టి, 2012 డిసెంబరులో లేక్ తాహో దగ్గర హోటల్ గదిలో కూర్చుని వేలం వేస్తే, గూగుల్ 4.4 కోట్ల డాలర్లకు పాడుకుంది. కెనడాలో దాన్నీ విజయగాథ అనే చెప్పుకుంటారు.

జబ్బు ఏమిటో ప్రభుత్వానికి తెలియదనుకోవద్దు. తెలుసు. అందుకే 2022 బడ్జెట్లో, తర్వాత కెనడా ఇన్నొవేషన్ కార్పొరేషన్ అనిపించుకున్న సంస్థను ప్రకటించింది, అయిదేళ్లలో వంద కోట్ల డాలర్లట. మరుసటి ఏడాదే, పూర్తిగా మొదలయ్యేది 2026-27కల్లా అంది. నవకల్పనను ఉరకలెత్తించే సంస్థ తానే నడక నేర్వడానికి ఇంత కాలం! ఈలోగా తొలి పెట్టుబడి పథకాలకేం కరువు లేదు. కరువల్లా ఆ తర్వాతి డబ్బుకీ, సొంత దేశంలో మొదటి సరుకు కొనే ఆసుపత్రికీ, ఫ్యాక్టరీకీ. అవి ఇవ్వడానికి రిబ్బన్ కత్తిరింపులు ఉండవు, అదీ చిక్కు. లెనార్డ్‌కి ఇంజెక్షను ఇచ్చిన టొరంటో జనరల్ ఆసుపత్రి పాత భవనం ఇప్పుడు మార్స్ అనే స్టార్టప్ కేంద్రంలో ఉంది. రిబ్బన్లకు అక్కడ లోటేం లేదు.

కెనడా ల్యాబుల్లో మన గుంటూరు, వరంగల్ పిల్లలూ ఉంటారు. శనివారం పొద్దున ఫోను మాట ఇలా ఉంటుంది.

"ఏరా, కంపెనీ పెట్టావంటగా? బంధువులందరికీ చెప్పేశాను."

"పెట్టాను నాన్నా. రెండు బహుమతులొచ్చాయి. స్టేజి మీద పెద్ద అట్టముక్క చెక్కు ఇచ్చారు."

"మరి అమ్మకాలు?"

"కొనేవాళ్లు లేరు నాన్నా. ఇక్కడి కంపెనీలు ముందు అమెరికాలో ఎవరైనా కొన్నారేమో చూపించమంటున్నాయి."

"అయితే ఏం చేస్తావురా?"

"కాలిఫోర్నియా నుంచి ఒకాయన వచ్చాడు. కంపెనీ, నేను, ఇద్దరం కలిపి ఎంతకొస్తామని అడుగుతున్నాడు."