గుడారం నంబరు మర్చిపోవద్దు

మన దగ్గర కాంట్రాక్టరు గుమ్మంలోకి రాగానే ఏఈ గారు లేచి కుర్చీ చూపిస్తారు, అటెండరు టీకి పరిగెడతాడు. ఆ మర్యాద చూసి పెరిగినవాళ్ళెవరైనా అమెరికా సైన్యం దగ్గర కాంట్రాక్టు ఉద్యోగం సంపాదించి విదేశీ స్థావరం మీదుగా ప్రయాణం కట్టేట్టయితే, ముందే కాస్త మనసు దిటవు చేసుకోవాలి. అక్కడ కుర్చీ ఎవరూ వెయ్యరు. టీ ఉంటుంది గానీ మనమే కలుపుకోవాలి.

కువైట్‌లోని అలీ అల్ సలీం వైమానిక స్థావరాన్నే తీసుకోండి. ఇరాక్ సరిహద్దుకు మరీ దూరమేం కాదు. ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాలు ముమ్మరంగా నడిచిన ఏళ్ళలో పోయేవాళ్ళకీ వచ్చేవాళ్ళకీ అదే గడప. వాళ్ళలో తుపాకీ పట్టినవాళ్ళతో పాటు గరిటె, రెంచి, లాప్‌టాప్ పట్టినవాళ్ళూ ఉండేవారు. అఫ్గానిస్థాన్‌లోనైతే చాలా ఏళ్ళు సైనికులకంటే కాంట్రాక్టు మనుషులే ఎక్కువ. ఆ యుద్ధాలు అయిపోయాయి కదా, ఇప్పుడీ సలహాలెందుకంటారా? యుద్ధాలు అయిపోతాయి గానీ ఫారాలు అయిపోవు.

అమెరికా నుంచి వెళ్ళేవాళ్ళకి తతంగం ఇంటి దగ్గరే మొదలవుతుంది. టెక్సాస్‌లోని ఫోర్ట్ బ్లిస్ లాంటి సైనిక కేంద్రంలో కూర్చోబెట్టి జబ్బలు వాచేలా సూదులు పొడుస్తారు. నోట్లో పళ్ళన్నీ ఒకే ఫొటోలో పడేలా ఎక్స్‌రే తీస్తారు. పంటినొప్పి ఉందా అని మాత్రం ఎవరూ అడగరు. ఆ ఎక్స్‌రే మీకోసం కాదు, రేపు మిమ్మల్ని గుర్తుపట్టాల్సి వచ్చినవాళ్ళ కోసం. డీఎన్‌ఏ నమూనా తీసుకునేదీ అందుకే. ఉద్యోగంలో చేరకముందే ఇంత దూరం ఆలోచించే యజమాని దొరకడం అదృష్టమే అనుకోవాలి.

ఇక అసలు దేవుడు ఎల్‌ఓఏ. అధికార పత్రమన్నమాట. పేరు, కంపెనీ, ఎప్పటిదాకా చెల్లుతుందో తేదీ, కింద వరసగా చిన్న చిన్న గళ్ళు ఉంటాయి. మెస్సులో భోజనం, పడక, సైనిక విమానం, దుకాణం, వైద్యం, ఒక్కోదానికి ఒక్కో గడి. టిక్కు ఉంటే ఉన్నట్టు, లేకపోతే ఆకలేసినా లేనట్టే. తేదీ నిన్నటితో అయిపోయిందని కౌంటర్లో తేలిందా, ఇక మీరు మనిషిగా నిలబడే ఉన్నా కాగితం మీద లేరు. కొత్తది రావాలంటే ఎక్కడో వర్జీనియాలో ఒక అధికారి కంప్యూటర్లో సంతకం పెట్టాలి. కువైట్‌లో శుక్ర, శనివారాలు సెలవు. అక్కడ శని, ఆదివారాలు. మీ కాగితం గడువు తీరేది మాత్రం సాధారణంగా గురువారం సాయంత్రం.

టిక్కులన్నీ ఉన్న పుణ్యాత్ములకి గుడారం దొరుకుతుంది. బయట యాభై డిగ్రీలు. లోపల ఏసీ ఎంత దయగా పనిచేస్తుందంటే, ఎడారికి స్వెటరు తెచ్చుకున్నవాడే బుద్ధిమంతుడు. దీపం వెయ్యకూడదు, ఎందుకంటే పగలైనా రాత్రైనా లోపల ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉంటారు. ఫోను వెలుగు అరచేత్తో సగం మూసి, నేల మీద బూట్లూ బ్యాగులూ తప్పించుకుంటూ, ఖాళీ మంచమనుకుని తడిమితే అది ఎవరిదో మోకాలు. రెండింటికి ఒక అలారం మోగుతుంది. దాని యజమాని స్నానానికి వెళ్ళాడు. పన్నెండు మంది లేచి కూర్చుంటారు, పదమూడోవాడు తువ్వాలుతో తిరిగొచ్చి ఆపుతాడు. బయటికొస్తే గుడారాలన్నీ ఒకే రంగు, ఒకే ఎత్తు. నంబరు గుర్తులేనివాడు తెల్లారేదాకా ఎడారి పర్యాటకుడే.

రాత్రిపూట నడుముకో భుజానికో మెరిసే బెల్టు కట్టుకు తిరగాలి. శత్రువుకి కనపడకుండా ఉండటం యుద్ధనీతి. ఫోర్క్‌లిఫ్టు డ్రైవరుకి కనపడటం స్థావరనీతి. రెండోదాన్ని ఉల్లంఘిస్తేనే ఎక్కువ తిట్లు పడతాయి.

విమానం సంగతి చెప్పాలంటే తిరుమల కంపార్టుమెంటులో కూర్చున్నట్టే. తలుపు ఎప్పుడు తీస్తారో తెలీదు, తీసినప్పుడు లేకపోతే మళ్ళీ మొదటికి. పేరు నమోదు చేసుకుని, జాబితా వేలాడదీసినప్పుడల్లా పోయి చూసుకుని, పిలిచినప్పుడు పలకాలి. ఇంట్లో చావుబతుకుల కబురొచ్చిన సైనికుడు ముందు. అది న్యాయం. ఆ తర్వాత సెలవు సైనికుడు, ఆ తర్వాత మిగతా సైనికులు, ఖాళీ ఉంటే మీరు. మీ వంతు వచ్చేసరికి ఇసుక తుఫాను లేస్తుంది. దానికి ఏ జాబితా అక్కర్లేదు. అయితే ఇంత క్రమశిక్షణ నేర్పినవాళ్ళు తమ వంతొచ్చినప్పుడు ఏం చేశారో చెప్పుకోవాలి. 2021 జులైలో అఫ్గానిస్థాన్‌లోని బగ్రాం స్థావరాన్ని ఖాళీ చేసినప్పుడు కరెంటు తీసేసి రాత్రికి రాత్రే వెళ్ళిపోయారనీ, తమకు చెప్పనైనా లేదనీ అక్కడ బాధ్యత తీసుకున్న అఫ్గాన్ కమాండరే మొత్తుకున్నాడు. వేల వాహనాలు వదిలేశారు, చాలావాటికి తాళాలు లేవు. మీరు మాత్రం గంటల ముందే వచ్చి వరసలో నిలబడాలి.

తిరుగు ప్రయాణంలో కస్టమ్స్ ఉంటుంది. యుద్ధాల రోజుల్లో నీటిచుక్క కనపడని ఆ చోట ఆ పని చేసింది నేవీ. బ్యాగు బల్ల మీద బోర్లించి లుంగీలు కూడా దులుపుతారు. అంతకుముందు ఒక చీకటి గదిలో పెట్టె ఉంటుంది, దాచుకున్నదేదైనా అందులో వేసి పాపం కడుక్కోవచ్చు. మందు, జూదం, బూతుబొమ్మలు నిషిద్ధమని జనరల్ ఆర్డర్ నంబర్ వన్ చెబుతుంది. కుక్కపిల్లను చేరదీసి అన్నం పెట్టడమూ అందులో నేరమే. తిండికి మాత్రం కొరత లేదు. అఫ్గానిస్థాన్‌లోని కందహార్ స్థావరంలో బర్గర్లు, పిజ్జాలు, కెనడా వాళ్ళ కాఫీకొట్టుతో ఒక బజారే వెలిసింది. ఇది యుద్ధరంగమా, వినోద పార్కా అని 2010లో అక్కడి సేనాధిపతి జనరల్ మెక్‌క్రిస్టల్ హయాంలో కొన్ని దుకాణాలు మూయించారు. తాలిబాన్ మీద అంత త్వరగా ఫలితమిచ్చిన ఆపరేషన్ మరోటి లేదు.

మెస్సు గుమ్మంలో ఒక మనిషి కూర్చుంటాడు, చూశారా? చేతిలో చిన్న మీట. లోపలికి వెళ్ళే ఒక్కో తలకి ఒక్కసారి నొక్కుతాడు, టక్కుమని. ఆ టక్కుల్ని బట్టే బిల్లు. వడ్డించని భోజనాలకి కూడా బిల్లు వేశారని 2004లో పెంటగాన్ ఆడిటర్లు గొడవ చేశారు కూడా. మొత్తం రెండు యుద్ధాల కాంట్రాక్టుల్లో దుబారా, మోసం కలిపి 3,100 కోట్ల డాలర్ల నుంచి 6,000 కోట్ల డాలర్ల దాకా ఉండొచ్చని 2011లో విచారణ కమిషన్ తేల్చింది. గుడారంలో పడుకున్నవాడి పేరు మూడుసార్లు పిలిచి సరిచూసుకునే యంత్రాంగం ఇక్కడ 2,900 కోట్లు అటూఇటూ అంటే సర్దుకుపోయింది.

ఆ మీట నొక్కేవాడిది నేపాలో, ఫిలిప్పీన్సో, ఒక్కోసారి మన నిజామాబాదో కరీంనగరో. అక్కడ అతన్ని టీసీఎన్ అంటారు, మూడో దేశపువాడు. అందరి తలలూ లెక్కపెట్టే అతన్ని లెక్కపెట్టేవాడు లేడు. అతని యజమాని కంపెనీకి సబ్‌కాంట్రాక్టరు, ఆ సబ్‌కాంట్రాక్టరుకి ఇంకో సబ్‌కాంట్రాక్టరు. పాస్‌పోర్టు వాళ్ళ సొరుగులో, అప్పు ఊళ్ళో. ఇరాక్‌కు కూలీలు వెళ్ళకూడదని 2004లో మన ప్రభుత్వం నిషేధం పెట్టినా, దుబాయ్‌కనో కువైట్‌కనో టికెట్టు తీసుకున్నవాళ్ళు కొందరు అక్కడే తేలారు. ఎల్‌ఓఏలో టిక్కు లేదని అలిగే ఇంజనీరుగారు ఒక్కసారి ఈ మనిషి వైపు చూస్తే మంచిది. ఆయన ట్రేలో అన్నం పెట్టిందీ, చొక్కా ఉతికిందీ ఇతనే.

కూలీల దగ్గర ఏజెంటు ఫీజు వసూలు చెయ్యొద్దు, పాస్‌పోర్టులు లాక్కోవద్దు అని అధ్యక్షుడు ఒబామా ఉత్తర్వు ఇచ్చారు. తేదీ 2012 సెప్టెంబరు 25. ఇరాక్ నుంచి ఆఖరి దళం వెళ్ళిపోయింది 2011 డిసెంబరులో. సరిగ్గా నవమాసాలు మోసి కన్నారు.

వెళ్ళే కుర్రాళ్ళకి ఒక్క పనికొచ్చే మాట. 1941 నాటి డిఫెన్స్ బేస్ యాక్ట్ అని అమెరికాలో ఒక చట్టముంది. స్థావరంలో పనిచేస్తూ దెబ్బతిన్నా, చనిపోయినా బీమా వర్తిస్తుంది, ఏ దేశస్థుడైనా సరే. క్లెయిము మామూలుగా ఏడాదిలోగా వెయ్యాలి. ఏజెంటు ఈ సంగతి చెప్పడు, షట్టరు దించేశాక అసలే చెప్పడు. అందుకని బయల్దేరే ముందు ఇంట్లో ఒక కాగితం మీద రాసిపెట్టండి: మీకు జీతమిచ్చేవాడి పేరు, వాడికి పనిచ్చినవాడి పేరు, ఆ పైవాడి పేరు. అన్నిటికీ పైనున్నవాడి అడ్రసు వెతుక్కోనక్కర్లేదు. పెంటగాన్, వాషింగ్టన్ డీసీ అని రాస్తే ఉత్తరం చేరుతుంది. జవాబు రావాలంటే మాత్రం ముందు ఒక ఫారం నింపాలి.