శుద్ధి బాబాయి

కృష్ణానగర్‌లో ఇద్దరు ఎదురుపడితే పలకరింపు ఒకటే: "షూటింగ్ ఉందా?" శుద్ధి బాబాయి మాత్రం "పొద్దున సాఫీగా అయిందా?" అని అడుగుతాడు. ఆయన సిద్ధాంతం ప్రకారం రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. పేగుల్లో అడ్డు తొలగితే వేషాలకు ఉన్న అడ్డూ తొలగిపోతుంది. ఆడిషన్ పోయి దిగాలుగా కూర్చున్న కుర్రాణ్ణి ఓదార్చడు, నాలుక చాపమంటాడు. "అదిగో, తెల్లగా పూత! ఈ నాలుక మీద డైలాగ్ ఎలా నిలుస్తుందిరా అబ్బాయ్?"

ఇలాంటి బాబాయి సందుకొకడుంటాడు. పెళ్లి సీన్లలో అక్షింతలు వేస్తూ, కోర్టు సీన్లలో గుసగుసలాడుతూ జుట్టు నెరిసినవాడు. భుజాన గుడ్డసంచి, అందులో నాలుగు ఫొటోలు, మిగతావన్నీ బేగంబజార్ పొట్లాలు. సునాముఖి తిరునెల్వేలిది, ఇసబ్గోల్ గుజరాత్‌ది. ఆముదం ఒక్కటే మన పాలమూరు సరుకు. "లోకల్ కదా, అందుకే ఎవడూ ఛాన్సివ్వడు" అని దాని తరఫున ఆయనే నిట్టూరుస్తాడు.

కాల్‌షీట్ చూడందే మందు రాయడు. ఆముదమైతే రెండు నుంచి ఆరు గంటల్లో పని ముగిస్తుంది కాబట్టి షూటింగ్ లేని రోజుకే. సునాముఖికి ఆరు నుంచి పన్నెండు గంటలు. ఇసబ్గోల్ డేట్స్ ఇస్తుంది గానీ టైమివ్వదు: పన్నెండు గంటలకైనా రావచ్చు, మూడో రోజైనా రావచ్చు. పైగా గ్లాసుల కొద్దీ నీళ్లు తాగకపోతే అదే గొంతులోనో పేగులోనో ఉబ్బి అడ్డం పడుతుంది. ఏదీ తేలకపోతే కరక్కాయ, తానికాయ, ఉసిరిక సమపాళ్లలో దంచిన త్రిఫల.

ఇంత లెక్కా ఒకసారి తప్పింది. ఓ కుర్రాడికి శవం వేషం వచ్చింది. మధ్యాహ్నం షాటని నమ్మి, రాత్రి పదింటికి సునాముఖి పట్టించాడు బాబాయి. షాట్ పొద్దున ఎనిమిదికే పెట్టారు. హీరో మీద పడి ఏడుస్తుండగా శవం లేచి పరుగు తీసింది. కారవ్యాన్ మెట్ల దగ్గర మేనేజర్ ఆపేశాడు: "ఇది హీరోగారిది. నువ్వు తుప్పల్లోకి పో."

అసలు రోగం ఆ మెట్ల దగ్గరుంది, పేగుల్లో కాదు. పెద్దపేగుకు పొడులతో తోమించుకునే అవసరం లేదు, దాని లోపొరను కొద్ది రోజులకోసారి అదే కొత్తగా పుట్టించుకుంటుంది. సునాముఖి రోజూ మింగితే నీళ్లూ పొటాషియమూ పోయి నీరసమొస్తుంది. తెల్లారకముందే వ్యానెక్కి, లొకేషన్‌లో మరుగుదొడ్డి లేక, పోవాల్సి వస్తుందేమోనని ప్యాకప్ దాకా నీళ్లే ముట్టని ఆడవాళ్లకు ఏ కరక్కాయ పనిచేస్తుంది?

ఈ మాటే బాబాయితో అంటే ఒప్పుకున్నాడు కూడా. పక్కనున్న కుర్రాడు ఊరుకోక అందుకున్నాడు: "మరి నీకు రోజూ సాఫీయే కదా బాబాయ్, వేషాలేవి?"

బాబాయి తొణకలేదు. సంచి బిగించి ఫిలింనగర్ గుట్ట వైపు చూశాడు.

"నాకు క్లియర్‌గానే ఉందిరా. పట్టేసింది పైవాళ్లకి. అంత పెద్ద పొట్టకి ఎంత డోసు పట్టుద్దో లెక్క తేలట్లేదు."